పట్టు, తాళం, నడక: కూచిపూడి పరిసర జంట నృత్యాల్లో నడిపింపు పద్ధతుల చరిత్ర

వ్యాససంగ్రహం

ఇద్దరు కలిసి ఆడే నృత్యంలో ఒకరి అడుగు మరొకరికి ఎలా తెలుస్తుంది, ఆ జంటను నడిపించేది ఎవరు అన్నవి నృత్యచరిత్రలో మౌలికమైన ప్రశ్నలు. ఐరోపా జంట నృత్యాల్లో ఈ పనిని చేతిపట్టు చేస్తుంది. కృష్ణా నది దిగువ డెల్టాలో, ముఖ్యంగా కూచిపూడి భాగవతుల కలాపాల్లో, ఇదే పనిని తాళమూ వాచికమూ చేశాయి. నడిపించే బాధ్యత జంటలోని ఒకరికి కాక సూత్రధారునికి దక్కింది. దీనివల్ల చేయి నడిపింపు భారం నుండి విడివడి అర్థాన్ని మోసే హస్తంగా నిలిచింది. లక్షణ గ్రంథాలు, డెల్టా ఊళ్ళ ఆటలు, భామాకలాప ప్రదర్శన పద్ధతి ఆధారంగా ఈ వ్యాసం ఆ అంశాన్ని నిరూపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో కూచిపూడి ఏకపాత్ర నృత్యంగా మారినప్పుడు ఈ నడిపింపు విద్య ఏమైందో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కూచిపూడి, భామాకలాపం, సూత్రధారుడు, మాధవి, సంయుత హస్తాలు, కోలాటం, జాయప సేనాని, నడిపింపు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'పట్టు' అన్న మాటకు అనేకార్థాలున్నాయి. చేతితో పట్టుకోవడం పట్టు. విద్యలో సాధించిన అధికారం పట్టు. పంతం పట్టు. ఇచ్చిపుచ్చుకునే నేర్పును 'పట్టువిడుపు' అంటారు. పెళ్ళాడడాన్ని 'చేపట్టడం' అంటారు. జంట నృత్యాన్ని గురించి ఆలోచించేటప్పుడు ఈ అర్థాలన్నీ పనికివస్తాయి. ఇద్దరు కలిసి ఆడాలంటే ఏదో ఒక పట్టు ఉండాలి. అది చేతిదా, చెవిదా, చూపుదా అన్నదే ప్రశ్న.

పద్ధెనిమిదో శతాబ్దం చివర వియన్నాలో ప్రాచుర్యం పొంది, తరువాత లండన్ వరకు వ్యాపించిన వాల్ట్జ్ నృత్యంలో దీనికి స్పష్టమైన సమాధానం ఉంది. పురుషుని కుడి అరచేయి స్త్రీ వీపు మీద ఉంటుంది. అతని ఎడమచేయి ఆమె కుడిచేతిని అందుకుంటుంది. అతడు తన శరీరభారాన్ని ఒక కాలి మీది నుండి మరొక కాలి మీదికి మార్చినప్పుడు ఆ కదలిక భుజాల ద్వారా, అరచేతి ద్వారా ఆమెకు అందుతుంది. మాట అక్కరలేదు, సైగ అక్కరలేదు. అక్కడ చేతిపట్టు ఒక సమాచార మార్గం. ఒకరు నడిపిస్తారు, మరొకరు అనుసరిస్తారు. అనుసరించడమంటే లొంగిపోవడం కాదు. వచ్చిన సూచనను క్షణంలో గ్రహించి దానికి రూపమివ్వడం అది.

కూచిపూడి సంప్రదాయంలో ఇటువంటి పట్టు కనిపించదు. సత్యభామ, కృష్ణుడు, మాధవి ఒకే రంగం మీద ఉన్నా, ఒకరి దేహాన్ని మరొకరు చేతితో నడిపించరు. దీనికి కారణం స్త్రీపురుష స్పర్శ మీద ఉన్న సామాజిక నిషేధమేనని సులభంగా అనుకోవచ్చు. ఆ సమాధానం చాలదు. ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగం వరకు కూచిపూడి మేళాల్లో భామ, కృష్ణుడు, మాధవి వేషాలు కట్టినవారందరూ పురుషులే. మర్యాద పాత్రల మధ్య ఒక హద్దును కల్పించి ఉండవచ్చు. నటుల దేహాల మధ్య అటువంటి అడ్డు లేదు. అయినా చేతిపట్టు నడిపింపు సాధనం కాలేదు. కాబట్టి కారణాన్ని నీతినియమాల్లో కంటే నృత్య నిర్మాణంలో వెదకవలసి ఉంటుంది.

2. లక్షణ గ్రంథాల్లో జంట, నేత

సామూహిక నృత్తంలో దేహాలు ఒకదానితో ఒకటి ముడిపడే పద్ధతులను భారతీయ లక్షణకారులు ప్రాచీన కాలంలోనే గుర్తించారు. భరతుని నాట్యశాస్త్రం నాలుగో అధ్యాయంలో పిండీబంధాల ప్రస్తావనలో పిండి, శృంఖలిక, లతాబంధం, భేద్యకం అనే నాలుగు భేదాలు చెప్పబడ్డాయి. గుంపుగా కూడడం, గొలుసుగా చేరడం, తీగలా అల్లుకోవడం, విడివడి ఆడడం అన్న భావాలు ఆ పేర్లలోనే ఉన్నాయి. అంటే కలయిక ఎంత ముఖ్యమో విడుపు కూడా అంతే ముఖ్యమన్న గుర్తింపు అక్కడే ఉంది.

నాట్యశాస్త్రానికి అభినవభారతి వ్యాఖ్య రాసిన కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు ఉదాహరించిన నృత్య ప్రబంధ లక్షణాల్లో రెండు ఈ చర్చకు కీలకమైనవి. ఒకటి రాసకం. అందులో అరవై నాలుగు జంటల వరకు నర్తకులు పాల్గొనవచ్చు, తాళలయలు చిత్రవిచిత్రంగా ఉంటాయి. రెండవది హల్లీసకం. అది మండలాకారంలో సాగే నృత్తం. గోపికల నడుమ కృష్ణునిలా అందులో ఒకే 'నేత' ఉంటాడు. రాసకంలో కొలమానం జంట. హల్లీసకంలో నడిపించేవాడు జంటలో భాగం కాడు, వలయమంతటికీ అతడొక్కడే నేత. నడిపింపు అనే పనికి ఇక్కడ పేరు ఉంది, స్థానం ఉంది. ఆ స్థానం మధ్యలో ఉంది.

ఈ దేశి సంప్రదాయాన్ని తెలుగు నేలమీద శాస్త్రబద్ధం చేసిన జాయప సేనాని వంశం దివిసీమకు చెందినది. కాకతీయ గణపతిదేవుడు దివిసీమను జయించిన తరువాత జాయప సోదరీమణులు నారాంబ, పేరాంబలను వివాహమాడి, జాయపను తన గజసాహిణిగా నియమించాడు. సుమారు 1253-54 ప్రాంతంలో పూర్తయిన జాయప సంస్కృత గ్రంథం నృత్తరత్నావళిలో ఎనిమిది అధ్యాయాలున్నాయి. మొదటి నాలుగు మార్గ నృత్తానికి, తక్కిన నాలుగు దేశి నృత్తానికి కేటాయించబడ్డాయి. రాసకం, చర్చరి, దండరాసకం వంటి సామూహిక నృత్తాలు ఈ దేశి భాగంలో చోటు చేసుకున్నాయి. వి. రాఘవన్ పరిష్కరణలో 1965లో ముద్రితమైన ఈ గ్రంథాన్ని రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ తెలుగులోకి అనువదించారు.

దండరాసకం అంటే కోలలతో ఆడే రాసకం. చేతిలోకి కోల రావడంతో నర్తకుల మధ్య సంబంధం మారిపోతుంది. చేయి చేతిని తాకదు. కోల కోలను తాకుతుంది. ఆ తాకిడి ఒక్క క్షణం ఉంటుంది, దానికి శబ్దం ఉంటుంది. పట్టు అన్నది నిడివి కలిగిన స్పర్శ అయితే, తాళం అన్నది క్షణికమైన స్పర్శ. దివిసీమ వంశీయుడు నమోదు చేసిన ఈ నృత్తానికి పోలిక కలిగిన కోలాటం నేటికీ అదే డెల్టా ఊళ్ళలో ఆడబడుతున్నది.

3. డెల్టా ఊళ్ళ ఆటల్లో పట్టు, విడుపు

చేతిపట్టు తెలుగువారికి తెలియని విద్య కాదు. ఆడపిల్లల ఆట ఒప్పులకుప్పలో అది పూర్తి రూపంలో ఉంది. ఇద్దరు బాలికలు ఎదురెదురుగా నిలుస్తారు. చేతులు అడ్డంగా మార్చి ఒకరి చేతులను మరొకరు గట్టిగా పట్టుకుంటారు. పాదాలు దగ్గరగా చేర్చి, వీపులను వెనుకకు వాల్చి గిరగిర తిరుగుతారు. ఒకరి బరువును మరొకరు నిలబెడతారు. వేగం పెరిగినకొద్దీ దేహాలు బయటికి లాగబడతాయి, పట్టు బిగుస్తుంది. ఒకరు వదిలితే ఇద్దరూ పడతారు. ఇక్కడ నేత లేదు. ఇద్దరిలో ఎవరూ మరొకరిని నడిపించరు. వాల్ట్జ్ పట్టులో నడిపింపు ఉంది, ఒప్పులకుప్ప పట్టులో సమతూకం ఉంది. చేతులు ఖాళీగా ఉన్న ఆటలో పట్టు పుట్టింది, పట్టు ఉన్న ఆటలో హస్తాభినయానికి చోటు లేకపోయింది. ఈ రెండో అంశం కూచిపూడిని అర్థం చేసుకోవడానికి ఆధారం.

కోలాటంలో పరిస్థితి వేరు. జతగాడిని 'ఉద్ది' అనే మాటతో పిలవడం తెలుగు ఆటల్లో ఉంది. కోలాటంలో ప్రతి ఒక్కరికీ ఉద్ది ఉంటాడు, అయితే ఉద్ది స్థిరంగా ఉండడు. వలయం తిరిగేకొద్దీ ఎదుటి మనిషి మారుతుంటాడు. తన కోలలు తాను కొట్టుకోవడం, ఎదుటివారి కోలను కొట్టడం, పక్కకు తిరిగి కొత్త ఉద్దిని అందుకోవడం అన్న క్రమం తాళానికి కట్టుబడి ఉంటుంది. ఈ క్రమాల్లో ఒక్కొక్కదానిని 'కోపు' అంటారు. ఒక కోపు నుండి మరొక కోపుకు మారే క్షణాన్ని నిర్ణయించేది ఉద్ది కాదు, తాళాలు వాయిస్తూ పాట ఎత్తుకునే గురువు. అతని పాట మారితే అడుగు మారుతుంది, నడక పెరిగితే కోలల వేగం పెరుగుతుంది. జంటలు ఎన్ని ఉన్నా నడిపించే గొంతు ఒక్కటే. హల్లీసక లక్షణంలోని నేత ఇక్కడ తాళధారిగా కనిపిస్తాడు.

జడకోలాటంలో ఈ క్రమశిక్షణ మరింత కఠినమవుతుంది. పైనుండి వేలాడే తాళ్ళను ఆటగాళ్ళు ఒక్కొక్కరు ఒక చేత పట్టుకుంటారు, రెండవ చేత కోల ఉంటుంది. ఎదురెదురుగా కదులుతూ ఒకరిని దాటి మరొకరు పోయేకొద్దీ తాళ్ళు జడలా అల్లుకుంటాయి. తరువాత వచ్చిన దారినే వెనుకకు నడిచి ఆ జడను విప్పాలి. ఒక్కరు తప్పుగా దాటినా జడ చిక్కుపడుతుంది, ఆ తప్పు అందరి కళ్ళముందు తాడు మీద నిలిచిపోతుంది. మనిషికీ మనిషికీ మధ్య చేతిపట్టు లేదు. అయినా ప్రతి ఒక్కరూ మిగిలిన అందరితోనూ తాడు ద్వారా బంధించబడి ఉన్నారు. పట్టువిడుపు అనే తెలుగు పలుకుబడికి ఇంతకంటే దృశ్యరూపం దొరకదు.

ఉత్తరాంధ్ర అరకు లోయ ధింసా నృత్యాన్ని ఇక్కడ పోలికగా చూడవచ్చు. అందులో స్త్రీలు ఒకరి వీపు వెనుక ఒకరు చేతులు చేర్చి గొలుసుగా కదులుతారు, అడుగు పక్కవారి దేహం ద్వారానే తెలుస్తుంది. అది శృంఖలిక పద్ధతికి దగ్గరగా ఉంటుంది. డెల్టా కోలాటంలో అదే సమాచారం చెవి ద్వారా అందుతుంది. తెలుగు నేలమీద రెండు పద్ధతులూ ఉన్నాయి కాబట్టి కూచిపూడి పరిసరాల్లో తాళపు నడిపింపు ప్రధానం కావడాన్ని స్పర్శ మీది సాధారణ నిషేధంతో మాత్రమే వివరించలేము.

4. హస్తం మోసే జంట

కూచిపూడి పాఠ్యక్రమంలో విద్యార్థి నేర్చుకునే హస్తాలకు నందికేశ్వరుని అభినయదర్పణం ముఖ్య ఆధారం. ఈ గ్రంథాన్ని ఆనంద కుమారస్వామితో కలిసి ఆంగ్లంలోకి అనువదించి 1917లో ప్రకటించినవారు అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. చీరాల-పేరాల ఉద్యమ నాయకునిగా ప్రసిద్ధుడైన ఆయన కృషిలో ఈ భాగం నృత్యచరిత్రకారుల దృష్టికి తగినంతగా రాలేదు.

నాట్యశాస్త్రం 13 సంయుత హస్తాలను చెప్పగా అభినయదర్పణం 23 చెప్పింది. రెండు చేతుల కలయికలోని సూక్ష్మభేదాలు వీటిలో కనిపిస్తాయి. చూపుడువేళ్ళు పెనవేసుకుంటే పాశహస్తం. పరస్పర కలహం, తాడు, సంకెల దాని వినియోగాలు. చిటికెనవేళ్ళు పెనవేసుకుంటే కీలకహస్తం. స్నేహం, సరససంభాషణ దాని వినియోగాలు. ఏ వేలు ఏ వేలిని పట్టుకున్నదన్న దానిమీద ఆధారపడి కలహం స్నేహమవుతుంది. తెలుగు పెళ్ళిలో వధువు వరుని చిటికెనవేలు పట్టుకొని నడవడం అందరికీ తెలిసిన ఆచారం. ఆ ఆచారానికీ కీలకహస్తానికీ జన్యజనక సంబంధం ఉందని చెప్పనవసరం లేదు. చిటికెనవేలి పట్టులోని మృదుత్వాన్ని గృహాచారమూ శాస్త్రమూ రెండూ గుర్తించాయన్నది గమనార్హం.

ఇంతకంటే ముఖ్యమైనవి బాంధవ్య హస్తాలు. దంపతి హస్తంలో ఎడమచేయి శిఖరాన్ని, కుడిచేయి మృగశీర్షాన్ని ధరిస్తాయి. శిఖరం పురుషునికి, మృగశీర్షం స్త్రీకి సంకేతాలు. అంటే భార్యాభర్తలను చూపడానికి ఇద్దరు నర్తకులు అవసరం లేదు. ఒకే దేహంలోని రెండు చేతులు ఇద్దరు మనుషులవుతాయి. సపత్ని హస్తంలో మొదట పాశాన్ని చూపి, తరువాత రెండు చేతులతోనూ స్త్రీని సూచించే హస్తాన్ని చూపాలి. కలహం ముందు, సవతులు తరువాత. రుక్మిణి పట్ల సత్యభామ అసూయ ప్రధానాంశమైన భామాకలాపంలో ఈ హస్తానికి ఉన్న ఔచిత్యం వేరుగా చెప్పనక్కరలేదు.

దీని నుండి ఒక నిర్మాణ సూత్రం తేలుతుంది. చేతులు నిరంతరం అర్థాన్ని చెబుతూ ఉండాలంటే అవి మరొకరి పట్టులో చిక్కుకోకూడదు. వాల్ట్జ్ నర్తకి చేయి జతగాని చేతిలో ఉండగా ఏమీ చెప్పలేదు, చెప్పనవసరమూ లేదు. సత్యభామ చేయి ఒక్క క్షణం మూగబోయినా కథ ఆగుతుంది. కాబట్టి కలాపంలో జంటను నడిపించే పనిని చేతికి అప్పగించే అవకాశమే లేదు. దానికి మరొక మార్గం కావలసి వచ్చింది.

5. భామాకలాపంలో మూడవ వ్యక్తి

ఆ మార్గమే సూత్రధారుడు. సూత్రాన్ని ధరించినవాడు, అంటే పట్టు కలిగినవాడు అన్న అర్థం ఆ పేరులోనే ఉంది. సిద్ధేంద్రయోగి కర్తృత్వంగా సంప్రదాయం చెప్పే భామాకలాపంలో సూత్రధారుడు రంగం మీదనే ఉంటాడు. అతని రెండు చేతుల్లో తాళాలుంటాయి. ఎవరి చేతినీ పట్టుకోవడానికి అతనికి ఖాళీ లేదు. సత్యభామతో మాట్లాడేటప్పుడు అతడే చెలికత్తె మాధవి, కృష్ణుని వద్దకు వెళ్ళినప్పుడు అతడే చెలికాడు మాధవుడు. ఆహార్యం మారదు, సంబోధన మారుతుంది.

అతని నడిపింపు నాలుగు విధాలుగా సాగుతుంది. మొదటిది కాలప్రమాణం. పాత్ర తెరవెనుక ఉండగానే దరువు నడకను సూత్రధారుడు స్థిరపరుస్తాడు. సత్యభామ తన జడను తెర మీదుగా ముందుకు వేసి సభకు సవాలు విసిరే ప్రవేశ ఘట్టంలో ప్రేక్షకుడు చూసేది జడను. నటుడు వినేది తాళాన్ని. ఓడిపోతే ఆ జడను కోయవచ్చునన్నది సంప్రదాయ కథనం. అంతటి పందెం కాచిన నటునికి తాళధారి మీద ఉండవలసిన విశ్వాసం ఎంతటిదో ఊహించవచ్చు.

రెండవది పాటాక్షరాలు. దరువు చరణాల నడుమ సూత్రధారుడు జతులు పలుకుతూ నటుని పాదాలను చూస్తుంటాడు. అడుగు తీర్మానానికి సిద్ధమైనదని గ్రహించి ముక్తాయిస్తాడు. ఇక్కడ నడిపించడం, అనుసరించడం ఒకే మనిషిలో జరుగుతాయి. సూత్రధారుడు పాదాన్ని అనుసరిస్తూనే పాదాన్ని నడిపిస్తాడు.

మూడవది వాచికం. నీవెవరవని మాధవి అడగడం వల్లనే భామకు తన్ను తాను చెప్పుకునే సందర్భం వస్తుంది. భర్త పేరు చెప్పమని మాధవి పట్టుబట్టడం వల్లనే సిగ్గు, గర్వం, ప్రేమ ఒకదాని వెనుక ఒకటిగా అభినయానికి వస్తాయి. లేఖ తీసుకువెళ్ళడానికి ప్రతిఫలంగా ముక్కున ధరించే ఆభరణాన్ని కోరడం వల్లనే ముత్తయిదువ అయిన భామ సంకటంలో పడుతుంది. ప్రతి ప్రశ్న ఒక సూచన. దానిని ఎంతసేపు, ఏ సంచారితో పెంచాలన్నది నటుని విజ్ఞత. భామది పంతమనే పట్టు, మాధవిది హాస్యమనే విడుపు.

నాలుగవది సభతో సంబంధం. ఘట్టాన్ని సాగదీయాలో కుదించాలో సూత్రధారుడు సభను చూసి తేల్చుకుంటాడు. రాత్రంతా సాగే ప్రదర్శనలో ఈ నిర్ణయం చిన్నది కాదు.

హర్షిత మృత్యుంటి కామత్ 2019లో ప్రకటించిన తన గ్రంథంలో మాధవిని విదూషక లక్షణాలు గల పాత్రగా వ్యాఖ్యానించారు. పాత్ర స్వభావం వరకు ఆ వ్యాఖ్యానం సమంజసం. నృత్య సాంకేతికత వైపు నుండి చూస్తే మాధవి హాస్యం వినోదం మాత్రమే కాదు, జంటను కదిలించే యంత్రం కూడా. నవ్వించే మాటే తరువాతి అడుగుకు పిలుపు అవుతుంది.

ఈ త్రికోణ నిర్మాణం కూచిపూడికి పొరుగున ఉన్న మొవ్వలోనూ కనిపిస్తుంది. క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడు, నాయిక, సఖి అనే ముగ్గురి సంబంధం తరచుగా కనిపిస్తుంది. నాయకుడు ఎదుట లేకపోయినా సఖి ఉండడం వల్ల నాయికకు మాట పుడుతుంది. పదాభినయంలో సఖి అదృశ్యంగా ఉంటుంది. కలాపంలో ఆమె తాళాలు పట్టుకొని ఎదుట నిలుస్తుంది.

6. ఇరవయ్యో శతాబ్దం: జంట ఒక దేహంలోకి

వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి కూచిపూడి విద్యను ఏకపాత్ర నృత్యంగా మలచడంలో, కుటుంబ పరిధికి బయట ఉన్నవారికి బోధించడంలో మార్గదర్శి. 1958లో కేంద్ర సంగీత నాటక అకాడమీ న్యూఢిల్లీలో నిర్వహించిన నృత్య సదస్సులో, 1959లో హైదరాబాదులో జరిగిన కూచిపూడి సదస్సులో ఈ కళ శాస్త్రీయ స్థానం చర్చకు వచ్చింది. భరతనాట్యం సరసన నిలవాలంటే ఒక వేదిక మీద ఒక నర్తకి ప్రదర్శించగల అంశాలు కావలసి వచ్చాయి. తరంగం, శబ్దం, భామాకలాపంలోని ప్రవేశ దరువు విడి అంశాలుగా కచేరీలో స్థిరపడ్డాయి. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ ఈ పరిణామానికి విస్తృతి కల్పించింది.

ఈ మార్పు లాభాలు స్పష్టమైనవి. స్త్రీలు ఈ కళలోకి విరివిగా వచ్చారు, కూచిపూడి ప్రపంచమంతటా చేరింది. అదే సమయంలో జంట సంబంధం రెండు విధాలుగా మారింది. ఏకపాత్ర ప్రదర్శనలో మాధవి లేదు. ఆమె ప్రశ్నను నర్తకి తానే ఊహించుకొని దానికి జవాబు అభినయిస్తుంది. దంపతి హస్తంలో రెండు చేతులు ఇద్దరు మనుషులైనట్లే, ఇక్కడ ఒక్క దేహం మూడు పాత్రల భారాన్ని మోస్తుంది. రెండవ మార్పు స్థానానికి సంబంధించినది. రంగం మీద నిలిచిన సూత్రధారుడు వేదిక పక్కన కూర్చున్న నట్టువాంగకారుడయ్యాడు. తాళపు నడిపింపు మిగిలింది. వాచికపు నడిపింపు తగ్గిపోయింది. ఎదుట నిలిచి కవ్వించేవాడు పక్కనుండి లెక్క చూసేవాడయ్యాడు.

ఇదే కాలంలో పాత పద్ధతి నిలిచిన చోట్లూ ఉన్నాయి. చింతా కృష్ణమూర్తి నడిపిన వేంకటరామ నాట్యమండలి ప్రదర్శనల్లో వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ ఆ ప్రాంతపు రసికుల జ్ఞాపకాల్లో చిరస్థాయిగా నిలిచింది. ఆ కీర్తిని వేషధారి ఒక్కడికే ఆపాదించడం చరిత్ర రచనలో తరచుగా జరుగుతున్నది. నిజానికి అది జంట విద్య. ఎదుట తాళం పట్టినవారు లేకుండా ఆ భామ లేదు.

జంట మరొక రూపంలో తిరిగి వచ్చింది కూడా. ఏలూరులో వేదాంతం ప్రహ్లాదశర్మ వద్ద శిక్షణ పొంది ఢిల్లీలో స్థిరపడిన రాజా, రాధా రెడ్డి దంపతులు యుగళ నృత్యాన్ని కూచిపూడిలో ఒక ప్రత్యేక శాఖగా నెలకొల్పారు. శివపార్వతుల వంటి విషయాల్లో ఇద్దరు ఒకేసారి కదిలి ఒక భంగిమలో చేరుతారు. ఇక్కడ జతగాని రాకను ముందే లెక్కించిన తాళపు ఆవర్తం, పక్కచూపు, చిరసాధన నిర్ణయిస్తాయి. స్పర్శ ఉన్నా అది భంగిమ శిఖరాన వచ్చే చిత్రమే తప్ప నడిపించే సాధనం కాదు. వాల్ట్జ్‌లో పట్టు మొదట ఉంటుంది, నృత్యం దాని నుండి పుడుతుంది. యుగళ కూచిపూడిలో నృత్యం మొదట ఉంటుంది, పట్టు దాని ఫలంగా వస్తుంది. చేయి అర్థానికే చెందుతుందన్న పాత సూత్రం ఇక్కడా చెదరలేదు.

7. నడిపింపు, అధికారం

నడిపింపును కేవలం సాంకేతికాంశంగా చూడడం అసమగ్రం. తాళం ఎవరి చేతిలో ఉందన్నది అధికార ప్రశ్న కూడా. కూచిపూడి మేళాల్లో సూత్రధార విద్య బ్రాహ్మణ కుటుంబాల పురుషులకు వారసత్వంగా వచ్చింది. స్త్రీలు నర్తకులుగా ప్రవేశించిన తరువాత కూడా చాలాకాలం తాళం గురువుల చేతిలోనే ఉంది. మరోవైపు గోదావరి డెల్టాలో కళావంతులు భామాకలాపాన్ని తమ సంప్రదాయంలో ప్రదర్శించారు. దవేష్ సోనేజీ వంటి పరిశోధకులు ఆ చరిత్రను వెలుగులోకి తెచ్చారు. కాబట్టి ఈ వ్యాసంలోని నిర్ణయాలు కృష్ణా డెల్టా పురుష మేళాల నిర్మాణానికి సంబంధించినవే తప్ప భామాకలాపం మొత్తానికి వర్తించే సూత్రాలు కావు.

అయితే అధికార విమర్శ పేరిట ఆ విద్యనే వదులుకోవడం వేరొక నష్టం. ముద్రిత సంగీతం మీద ఆడే ప్రదర్శనల్లో తాళం నర్తకిని నడిపిస్తుంది, నర్తకి తాళాన్ని నడిపించలేదు. పాదం ఆలస్యమైతే వేచి ఉండే చెవి అక్కడ లేదు. సూత్రధారుని ఆధిపత్యం పోయిన చోట సమానత్వం రాలేదు, యంత్రం వచ్చింది. నర్తకి చూపును బట్టి తీర్మానం పలికే విద్యను స్త్రీలూ పురుషులూ సమానంగా నేర్వగలిగినప్పుడే ఆ పాత అధికారానికి సరైన ప్రత్యామ్నాయం దొరుకుతుంది.

శిక్షణ, భద్రత రంగాల్లోనూ ఈ అంశం ప్రభావం ఉంది. అడవులు, జతులు, హస్తాలు లిఖితరూపంలో దొరుకుతున్నాయి. ఇవన్నీ ఒక దేహాన్ని నమోదు చేస్తాయి. మాధవి ఏ క్షణంలో ప్రశ్న వేయాలి, ఎప్పుడు తాళాన్ని నిలిపి భామను మౌనంలో వదలాలి, ఏ సైగను చూసి తీర్మానానికి దిగాలి అన్నవి ఇద్దరి మధ్య ఉండే విద్యలు. వాటిని ఒకరి నుండి సేకరించడం సాధ్యం కాదు. కూచిపూడిలోని సిద్ధేంద్రయోగి కళాపీఠం వంటి సంస్థల్లో భామ పాత్రకు ఇచ్చే ప్రాధాన్యం మాధవి పాత్రకూ ఇవ్వగలిగితే, ఒకే ఘట్టాన్ని ఇద్దరి వైపు నుండీ చిత్రీకరించి భద్రపరచగలిగితే ఈ లోటు కొంత తీరుతుంది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. జంట నృత్యంలో నడిపింపుకు చేతిపట్టు ఒక మార్గం మాత్రమే. కృష్ణా డెల్టా కోలాటంలో, కూచిపూడి కలాపంలో ఆ పని తాళానికి, వాచికానికి అప్పగించబడింది.

2. దీనికి స్పర్శానిషేధం ఒక్కటే కారణం కాదు. హస్తం అర్థవాహిక కావడం, నటులందరూ పురుషులే కావడం ఆ వాదాన్ని బలహీనపరుస్తాయి.

3. హల్లీసకంలోని నేత, కోలాట గురువు, కలాప సూత్రధారుడు ఒకే విధమైన స్థానంలో ఉన్నారు. ముగ్గురూ జంటకు వెలుపల ఉండి జంటను నడిపించేవారే. ఇది నిర్మాణ సామ్యం, చారిత్రక వారసత్వ నిరూపణ కాదు.

4. ఏకపాత్ర నృత్యంగా మారినప్పుడు కూచిపూడిలో తాళపు నడిపింపు నిలిచింది, మాధవి వాచికపు నడిపింపు క్షీణించింది. యుగళ నృత్యంలో జంట తిరిగి వచ్చినా మూడవ వ్యక్తి రంగం మీదికి తిరిగి రాలేదు.

5. కూచిపూడి చరిత్రను వేషధారుల చరిత్రగా మాత్రమే కాక, తాళం పట్టినవారి చరిత్రగానూ రాయవలసి ఉంది. భామ జడను చూసినంత శ్రద్ధగా మాధవి చేతిలోని తాళాలను చూసినప్పుడే ఆ చరిత్ర సమగ్రమవుతుంది.